గేజి కడ్డీ వాంగ్మూలం

నేను ఒక లారీ ఇంజన్లో ఆయిల్ చూసే గేజి కడ్డీని. వేలికంటే సన్నం, ఒంటి మీద రెండు గీతలు. ఇప్పుడు బేతంచెర్లలో ఈరన్న మెకానిక్ షెడ్డు మూల, తుక్కు డబ్బాలో నడుము వంగి పడి ఉన్నాను. జాలి పడకండి. తప్పు చేసి ఇక్కడికి రాలేదు. చూసింది చూసినట్టు చెప్పి వచ్చాను.

ఏ ఊరి ఫ్యాక్టరీలోనో ఉక్కును సాగదీసి, కోసి, గీతలు పెట్టి పంపారు నన్ను. ఆయిల్ ఆ గీతల మధ్య ఉంటే మనుషులకు నిశ్చింత. ఎంత ఉందో చూస్తారు కానీ ఎలా ఉందో చూడరు. తోటి మనిషినీ వాళ్ళు అలాగే చూస్తారని తర్వాత తెలిసింది.

మా లారీ ఓబులేసుది. నాపరాళ్ళు ఎత్తుకుని నంద్యాల మీదుగా, గిద్దలూరు ఘాటు రోడ్డు దాటి ఒంగోలు పోయేది. నాలుగేళ్ళు డ్రైవర్ దస్తగిరి ఒక్కడే తోలాడు. ఆ తర్వాత ఓబులేసుకు స్టీరింగు మీద మోజు పుట్టింది. ఒక ట్రిప్పు తను, ఒక ట్రిప్పు దస్తగిరి. మూడు నెలలు తిరగకుండానే ఒకరోజు ఈరన్న నన్ను బయటికి లాగి మొహం చిట్లించాడు.

"డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడేది మామూలే. ఇట్లా బంకయ్యేది మామూలు కాదు. ఎప్పుడు మార్చినారు?"

"నెల కూడా కాలేదు. ఒంగోల్లో వీడే మార్పిచ్చినాడు," అన్నాడు ఓబులేసు. అని, దస్తగిరి వైపు తిరిగాడు. "కొత్త ఆయిల్ అమ్ముకొని పాతది పోసినావు కదరా?"

షెడ్డులో పదిమంది ఉన్నారు. బ్రేకులు చేయించుకోవడానికి వచ్చిన సాలమ్మ, రెండు లారీల యజమాని, టీ గ్లాసు కింద పెట్టేసింది. దస్తగిరి మొహం రాయిలా అయింది. ఇంతకాలం ఒకే క్యారియర్లో అన్నం తిన్న మనుషులు వాళ్ళు.

"నేను ఒట్లు పెట్టనన్నా. బండితోనే చెప్పిస్తా," అన్నాడు.

దారి ఈరన్న చెప్పాడు. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి దస్తగిరి ఒక్కడే నాలుగు ట్రిప్పులు తోలాలి. మళ్ళీ అదే రకం కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి ఓబులేసు నాలుగు తోలాలి. ఎవరూ విప్పకుండా ఆయిల్ మూతకూ, కింద ఆయిల్ వదిలే బోల్టుకూ ఎర్రరంగు పూశాడు.

దస్తగిరి పొద్దున స్టార్ట్ చేసి, కాసేపాగి, మొదటి రెండు మైళ్ళు నిదానంగా పోనిచ్చేవాడు. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజన్ మూలగకముందే గేరు దించేవాడు. ఒంగోలులో రాళ్ళు దించడానికి లారీల బారులో నిలబడితే, చెమటలు కారుతున్నా ఇంజన్ ఆపేసి తలుపులు తెరుచుకుని కూర్చునేవాడు. పక్క డ్రైవర్లు "ఏందప్పా, ఎద్దులబండా?" అని నవ్వితే తనూ నవ్వేవాడు.

ఓబులేసు వేరు. స్టార్ట్ చేసీ చేయగానే ఎక్సలేటరు మీద ఎక్కి నిలబడ్డంత పని చేసేవాడు. గేరు దించడం నామోషీ అనుకుని టాప్ గేరులోనే ఘాటెక్కించేవాడు. వెనక నల్లటి పొగ! లారీల బారులో ఏసీ కోసం మూడేసి గంటలు ఇంజన్ ఆడిస్తూ పడుకునేవాడు. ఊరికే ఆడే ఇంజన్లో సరైన వేడి పుట్టదు. సగం కాలిన డీజిలు మసై, సిలిండరు గోడల వెంట ఆయిల్లోకి దిగుతుంది. ఆ మసిలో మునిగి ఉన్నది నేను. నాకెవరు నేర్పాలి?

దస్తగిరి ట్రిప్పులైనాక ఈరన్న నా కొస నుంచి ఒక చుక్క తెల్లకాగితం మీద వదిలాడు. అది పల్చగా, బూడిదరంగులో, వెడల్పుగా పాకింది. ఓబులేసు ట్రిప్పులైనాక అదే కాగితం మీద ఇంకో చుక్క. అది పడిన చోటే కాటుక ముద్దలా కూర్చుంది. రెండుసార్లూ ఎర్రరంగు చెదరలేదు.

సాలమ్మ కాగితం తీసుకుని అందరికీ చూపించింది.

"ఇప్పుడు చెప్పు ఓబులేసూ," అన్నాడు ఈరన్న.

ఓబులేసు అతని చేతిలోంచి నన్ను లాక్కుని మోకాలికి వేసి వంచేశాడు. నొప్పి సంగతి అడగకండి. కేక మాత్రం వేయలేదు.

"కడ్డీ వంచితే నల్లది తెల్లగైతాదా?" అన్నాడు ఈరన్న.

దస్తగిరి తాళాలు బానెట్ మీద పెట్టాడు. "పదిమందిలో దొంగ అన్నావు. పదిమందిలో కాదను. అంతవరకు నీ బండెక్కను." సాలమ్మ వెంటనే, "రేపట్నుంచి నా బండెక్కు దస్తగిరీ," అంది.

నన్ను తుక్కులో వేసి లారీకి కొత్త కడ్డీ పెట్టారు. పెట్టుకోనీ. అది కూడా దేంట్లో మునిగితే దాన్నే చూపిస్తుంది.

నిన్న ఓబులేసు వచ్చాడు. షెడ్డు బయట లారీ గడగడలాడుతూనే ఉంది. సాలమ్మ ఉంది, దస్తగిరి ఆమె బండి టైర్ల బోల్టులు బిగిస్తున్నాడు. ఓబులేసు గొంతు సవరించుకుని, "ఈరన్నా, ఒక మాట చెప్పాలని వచ్చినా, అందరి ముందర..." అన్నాడు.

ఈరన్న తల ఎత్తలేదు. "ముందు బండి ఆపి రా."

ఓబులేసు వెళ్ళి తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో దస్తగిరి పానా చేత్తో అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు.