కచ్చా కుట్లు

మా ఆవిడ బొంత కుడుతుంటే కుట్టుకోసారి దేవుణ్ణి తలుచుకుంటుంది. మా పిల్లలందరూ అలాంటి బొంతల్లోనే పెరిగారు. ఇప్పుడు కోడలికి నెలలు నిండుతున్నాయి. కానీ మా ఆవిడకు చూపు మందగించింది. కుట్టు ఒకచోట వేయబోతే ఇంకోచోట పడుతోంది. వేలికి సూది గుచ్చుకున్నా చెప్పదు, గుప్పిట్లో దాచుకుంటుంది. పుట్టబోయే బిడ్డకు తన చేతి బొంత ఉండదేమోనని ఆమె దిగులు.

అది చూడలేక కోడలు కుట్టుమిషన్ ముందుకు లాగింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా. నేను ఒక్క పూటలో లాగించేస్తాను."

"దానిమీద కుడితే బొంత కాదమ్మాయ్, అట్ట అవుతుంది. పైగా అది దడదడా పరిగెడుతుంటే దేవుణ్ణి ఎప్పుడు తలుచుకుంటావు?"

"ఆ వేగంతో తలుచుకుంటే దేవుడికి పొలమారదూ!"

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ చూసిన చూపుకి మింగేశాను.

కోడలు పాత నూలు బట్టలు పొరలుగా పేర్చి మిషన్ కింద పెట్టింది. సగం అయ్యేసరికి కింది పొర పక్కకు జరిగి, ముడతలన్నీ కుట్టులో పడ్డాయి. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"నీ మిషన్‌కి కాళ్లే గానీ చేతుల్లేవే," అంది మా ఆవిడ. దెప్పడం అయ్యాక, "విప్పు, మళ్లీ పరుద్దాం," అంది.

నేలమీద పొరలు పరిచి, మధ్యలోంచి అంచులదాకా అరచేత్తో నిమిరింది. ముడత ఎక్కడుందో వేళ్లే చెప్పాయి, కళ్లతో పనిలేకపోయింది. కోడలు సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే, పొరలు కదలకుండా జానెడేసి కచ్చా కుట్లు వేసింది. అవి వంకరపోయినా ఫరవాలేదు. మిషన్ కుట్టు పడ్డాక లాగేయాల్సినవే.

అదే నాకు మింగుడుపడలేదు. ఆ కుట్లకు కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుడా, మిగలని కుట్లు నీ లెక్కలోకి వస్తాయా అని మనసులోనే అడిగాను.

ఈసారి మిషన్ కింద పొర కదల్లేదు. పనయ్యాక కోడలు కత్తెర పట్టుకుని తటపటాయించింది.

"ఇవి ఉంచేద్దాం అత్తయ్యా."

"ఎందుకూ? పసివేళ్లు ఇరుక్కుంటాయి. తీసెయ్."

అనడమే కాదు, తనే కొస వెతికి పట్టుకుని లాగింది. నాకు ఆమె మొహం చూడాలంటే భయమేసింది. చూస్తే, రెండు చేతులతో బొంతను పిసికి చూస్తోంది.

"అట్ట కాలేదే!"

"కుట్టు వరసలు ఎడంగా వేశాను అత్తయ్యా."

మా ఆవిడ తీసిన దారాన్ని వేలికి చుట్టుకుంది. "ఇది పారెయ్యకు. తర్వాతి బిడ్డ బొంతకు పనికొస్తుంది."

"ముందు ఈ బిడ్డను బయటికి రానివ్వండి అత్తయ్యా!"

నవ్వుతూ నవ్వుతూ మా ఆవిడకు పొలమారింది. నెత్తిమీద తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాను.

కోడలు పొట్టమీద చెయ్యి వేసుకుంది.

"ఇంకెవరు మామయ్యా, లోపలున్నవాళ్లే."