బూడిదరంగు తెర

ప్రెస్సు నుంచి అచ్చు నమూనాగా వచ్చిన ప్రూఫు పేజీని అక్క బల్ల మీద పరిచింది. పక్కనున్న తమ్ముడు మాత్రం పగలబడి నవ్వాడు.

"ఎవరక్కా ఈ ముసలావిడ? ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయినట్టు నీలంగా ఉంది!"

పన్నెండేళ్ళుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్న చేయి ఆమెది. కంప్యూటరు తెర మీద పెన్నుతో వేయడం మాత్రం ఇదే మొదలు. కథ చెప్పే ఆ ముసలమ్మకు తమ అమ్మమ్మ ముఖమే పెట్టింది. ఆ ఒళ్ళో పెరిగిన మనవడే పోల్చుకోలేదు. పైగా ప్రచురణకర్త, "రెండో ప్రూఫు కూడా ఇలాగే వస్తే పుస్తకం వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆమె పేజీని తెర పక్కన పెట్టి చూసింది. తెర మీద అమ్మమ్మ చామనఛాయగా నిక్షేపంలా ఉంది. అప్పుడు వెలిగింది బుర్రలో. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు, అక్క కళ్ళు అలిసిపోకూడదని తెరకు పసుపు వెలుతురు పెట్టి వెళ్ళాడు. తెర వెనక సూర్యాస్తమయం బొమ్మ, తాకితే ఊగే విండోలు, గెంతే ఐకాన్లు అదనం. ఆ పసుపును సరిదిద్దుకుంటూ ఆమె తనకు తెలియకుండానే నీలం కలుపుతూ పోయింది.

"నువ్వు తప్పుకో. ఇక నా బల్ల నేనే సర్దుకుంటాను" అంది తమ్ముడితో.

"నీకు తెలీదక్కా ఇవన్నీ..."

"నా చేతికి ఏం కావాలో నాకు తెలుసు."

తెర రూపాన్నే మార్చేసే డెస్క్‌టాప్ ప్రోగ్రాములు మూడు రకాలు మూడు పెన్‌డ్రైవుల్లో తెప్పించి, ఒక్కోదాంట్లో అమ్మమ్మ జడ గీసింది. మొదటిది పెళ్ళిపందిరిలా మెరిసిపోయింది గానీ, గీత పెన్ను వెనకాల ఆయాసపడుతూ వచ్చింది. రెండోదాంట్లో సెట్టింగులు వెతకడంతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. మూడోది బోసిగా ఉంది. గీత మాత్రం పెన్ను ములుకు కిందే పుట్టింది. ఇంకేం, అదే ఖాయం చేసింది.

పసుపు వెలుతురు తీసేసింది. సూర్యాస్తమయం పోయి వట్టి బూడిదరంగు వచ్చింది; ఇక ఏ రంగూ కంటిని మోసం చేయలేదు. ఆమెది ఎడమచేతి వాటం, ఎడమవైపు మెనూలన్నీ మోచేతి కిందే మాయమైపోయేవి. వాటిని పట్టుకెళ్ళి కుడి అంచున పెట్టింది. అమ్మమ్మ ఫొటోను అదే కంప్యూటరులో వెనకుండే రెండో తెరలో ఉంచుకుని, ఒక్క మీటతో చూసొచ్చేలా చేసుకుంది. ఆపైన ముఖం మొదటినుంచీ వేసింది.

"ఇదేంటక్కా, సున్నం కూడా వెయ్యని గోడలా ఉంది!" అన్నాడు తమ్ముడు.

"గోడ చూడ్డానికి రారులే ఎవరూ" అంది అక్క, పెన్ను ఆపకుండా.

మూడోరోజు ఇద్దరూ ప్రెస్సుకు వెళ్ళారు. ప్రచురణకర్త కొత్త ప్రూఫును కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళి, కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు చూశాడు.

"మిగతా పేజీలు కూడా మొదలుపెట్టెయ్యమ్మా" అన్నాడు.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. పేజీ అందుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. అతను నవ్వుదామని నోరు తెరిచినవాడల్లా పేజీని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ముసలమ్మ బుగ్గ మీద వేలు ఆనించబోయి, సిరా ఇంకా తడిగా ఉంటుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మమ్మ" అన్నాడు.