కుడివైపు ఎగిరే బిళ్ళలు

నాకు కుదురు లేదని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే గోడ తడుముతాను. ఎవరింటికైనా వెళితే వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ నేల మీద టైల్స్ ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉన్నాయో కాలి బొటనవేలితో వెతుకుతాను. టైల్స్ మేస్త్రీని, అది నా తప్పు కాదు. అలాంటివాడి చేతికి తుపాకీ ఇచ్చి, కదలకుండా నిలబడమంది మా అమ్మాయి.

ఊరి చివర షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడ గోతిలో దాచిన యంత్రం సాసరంత మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసురుతుంది. "వదులు" అని మనం అరవగానే ఒక బిళ్ళ లేస్తుంది, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, ఎటు పోతుందో ముందు తెలియదు. అది నేలకి దిగేలోగా పగలగొట్టాలి. ఆటంతా ఇంతే. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడే ఇందులో పడింది. అద్దాల బీరువాలో వాళ్ళమ్మ చీరలకి చోటు లేకుండా పతకాలు తెచ్చింది. రెండేళ్ళ క్రితం నేను, "ఇంకెన్నాళ్ళమ్మా ఈ ఆట, నెల తిరిగితే జీతమొచ్చే పని ఏదైనా చూసుకో" అన్నాను. తను పోటీలకి వెళ్ళడం మానేసింది. మాట విందని సంతోషించాను.

ఆ తర్వాత రేంజ్‌లోనే కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. దానికో పరీక్ష ఉంది. ఎప్పుడూ తుపాకీ పట్టని మనిషిని ఒకరిని తయారుచేసి తేవాలి, ఆ మనిషి పెద్ద కోచ్ ఎదుట పాతిక బిళ్ళల్లో సగమైనా పగలగొట్టాలి. మా అమ్మాయి ఒక నర్సుకి నేర్పుతూ వచ్చింది. సరిగ్గా పరీక్ష దగ్గరపడ్డాక ఆవిడకి బదిలీ అయింది. ఇంత తక్కువ వ్యవధిలో రోజూ దొరికే మనిషి ఎవరున్నారు, నేను తప్ప.

ఈలోగా నేనొక పని చేసి పెట్టాను. నేను సరుకు కొనే టైల్స్ షోరూం యజమాని, కౌంటర్లో కూర్చోడానికి నమ్మకమైన మనిషి కావాలని అడిగితే మా అమ్మాయి వస్తుందని మాటిచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే తను గొడవ పడలేదు. పరీక్ష నెగ్గితే కోచ్, పోతే సోమవారం నుంచి షోరూం అని తనే ఒప్పందం పెట్టింది. అప్పుడు బాగానే ఉందనిపించింది. తర్వాత ఆలోచిస్తే నా పరిస్థితేమిటో అర్థమైంది. నేను గురి తప్పితే నా మాట నెగ్గుతుంది, నా కూతురు ఓడిపోతుంది. ఇక నాకు కుదురెక్కడ?

మొదటి రోజు విచిత్రంగా బాగా జరిగింది. తూటా పేలితే భుజం ఊడిపోతుందేమో అనుకున్నాను, ఊడలేదు. ఎడమ కన్ను మూసి, గొట్టం కొసనున్న పూసని బిళ్ళ మీద పెట్టి నొక్కాను. నాలుగు తప్పి అయిదోది పొడిపొడి అయింది. వెనక్కి తిరిగి మీసం మెలేశాను. మా అమ్మాయి మొహంలో సంతోషం లేదు. తుపాకీ విరిచి, అంటే గొట్టాన్ని మధ్యలో మడిచి తెరిపించి, ఖాళీ చేయించి, కన్నెందుకు మూశావని అడిగింది. పాతికేళ్ళుగా తాడు లాగి లెవెల్ చూసినప్పుడల్లా ఆ కన్నే మూస్తానని చెప్పాను. తాడు కదలదని, బిళ్ళ ఎగురుతుందని, ఒక కన్ను మూస్తే అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా పోతోందో సరిగ్గా అందదని తను ఓపికగా విడమరిచింది. చివరికి ఒక్క మాటలో తేల్చేసింది.

"ఇది నీ మేస్త్రీ అలవాటు నాన్నా. మానాలి. రెండు కళ్ళూ తెరిచే ఉంచు. పూసని చూడకు, బిళ్ళని చూడు."

నాకు ఒళ్ళు మండింది. తగులుతున్నదాన్ని చెడగొట్టడం ఏ చదువు? పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని సణిగాను కూడా. కానీ నేర్పేది తను, పోయేది తన ఉద్యోగం. సరేనన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి మాట ఎదురు చెప్పకుండా విన్నది అదే మొదటిసారి.

అంతే, బిళ్ళలు నాకు కనబడకుండా పోయాయి. కనబడకపోవడమంటే, కనబడుతూనే ఉన్నాయి, తగలడం లేదు. రెండు కళ్ళూ తెరిస్తే కొసన పూస రెండుగా తేలుతుంది, ఏది అసలుదో తెలియదు. ఎడమవైపు పోయే బిళ్ళ అప్పుడప్పుడు దయతలచి పగిలేది. కుడివైపు పోయేది ఒక్కటంటే ఒక్కటి తగిలితే ఒట్టు. అది హాయిగా ఎగిరి, గడ్డి మీద వాలి, చెక్కుచెదరకుండా నా వంక చూసేది. ఆ వాలిన బిళ్ళల్ని మర్నాడు ఏరి మళ్ళీ యంత్రంలో పెడతారట. ఒకే బిళ్ళ నన్ను ఎన్నిసార్లు వెక్కిరించిందో.

మా అమ్మాయి దీనికి కారణం కనిపెట్టింది. కుడివైపుకి తిరిగేటప్పుడు నేను నడుము తిప్పకుండా చేతులతోనే తుపాకీని తోస్తున్నానట, ట్రిగ్గర్ నొక్కగానే ఆపేస్తున్నానట. బిళ్ళని దాటించి నొక్కాలి, నొక్కాక కూడా తిరుగుతూనే ఉండాలి, పగిలిందా లేదా అని తల ఎత్తి చూడకూడదు. ఇక అక్కణ్ణించి మొదలైంది నాకు కసరత్తు. నేనే ఒక చెక్క పలకని తుపాకీ ఆకారంలో కోసి, బరువు కోసం ఇనుప ముక్క బిగించి, కొసకి టార్చి కట్టుకున్నాను. ఇంట్లో గోడ, పైకప్పు కలిసే గీత వెంట ఆ వెలుగుని ఎడమ మూల నుంచి కుడి మూలకి నడిపించాలి. గీత దాటకూడదు, మధ్యలో ఆగకూడదు. బీరువా అద్దం ముందు నిలబడి కళ్ళు మూసుకుని చెక్క తుపాకీని చెంపకి చేర్చాలి, కళ్ళు తెరిస్తే అది సరైన చోట ఉండాలి. రోజూ పనికి వెళ్ళేముందు ఇదే. ఒక పొద్దున కుడి మూలకి తిరిగే ఊపులో దీపం మీది గాజు బుడ్డిని పగలగొట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గాజుపెంకులు చూసి, "పోనీలే, కుడివైపుది ఒకటి తగిలింది" అంది.

నాకు నవ్వు రాలేదు. పరీక్ష దగ్గరపడేకొద్దీ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పని చేసే ఇంట్లో స్నానాలగది గోడకి టైల్స్ అతికిస్తూ తాపీని కుడికి విసిరి చూసుకునేవాణ్ణి. ఒక వరస మొత్తం వంకర పోయింది. పీకి మళ్ళీ పెట్టాను, నా జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు. అన్నం తింటుంటే మా ఆవిడ ఏదో అడిగేది, నేను కిటికీ వైపు కుడికి పోయే పక్షిని చూస్తూ మెడ తిప్పేవాణ్ణి. ఒంటి కన్నుతో కాలుస్తానని మా అమ్మాయిని ఒకసారి బతిమాలాను కూడా. ఆడలేక మద్దెల ఓడు అనకు నాన్నా, నడుము తిప్పు అంది. తన గొంతులో భయం ఉంది. అది విన్నాక నాకు ఇంకా కాలు నిలవలేదు.

పరీక్ష రోజు పెద్ద కోచ్ వచ్చి నా పక్కగా, కొంచెం ముందుకి నిలబడ్డాడు. సన్నగా, గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ. దెబ్బకీ దెబ్బకీ మధ్య మా అమ్మాయి నాకు సలహా చెప్పవచ్చు, అది నియమం. చప్పుడు తగ్గించడానికి చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాను. వదులు అన్నాను. బిళ్ళ ఎడమకి పోయింది, పగిలింది. తర్వాతది కుడికి. పోయింది. మళ్ళీ కుడికి. పోయింది. ఎడమ పగిలింది. నడుము నాన్నా, ఆపకు నాన్నా, తల ఎత్తకు నాన్నా అంటూ వెనకనుంచి మా అమ్మాయి. నేను నడుము తిప్పాను, తల దించాను, ప్రాణం పెట్టి తిప్పాను. కుడివైపువన్నీ వరసగా వెళ్ళి గడ్డిలో వాలాయి.

పదో బిళ్ళ తర్వాతో ఏమో పెద్ద కోచ్ చెయ్యెత్తాడు. నన్ను తుపాకీ విరిచి పట్టుకోమని సైగ చేసి, మా అమ్మాయి వైపు తిరిగాడు.

"ఈయన తిప్పడం బాగానే ఉందమ్మా. ఈయనకి బలమైన కన్ను ఏది?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. కానీ మా అమ్మాయి మొహం చూశాను. రక్తం ఒక్కసారిగా దిగిపోయినట్టు పాలిపోయింది. అంతే, నాకు అలవాటైన పని నేను చేశాను, తన బదులు నేను మాట్లాడాను. కుడి కన్నేనండీ, మొదటి రోజే చూసింది, అన్నీ పద్ధతి ప్రకారం చేసింది అని గడగడా అప్పజెప్పాను. ఏమిటి చూడాలో, ఎలా చూస్తారో కూడా నాకు తెలియదు. పెద్ద కోచ్ నా మాట విననట్టే మా అమ్మాయి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"లేదు సార్. చూడలేదు" అంది మా అమ్మాయి. "నాన్నే కదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను."

అప్పుడు తను నా ఎదురుగా వచ్చి నిలబడింది. నన్ను చేతులు ముందుకి చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న కంత చేసి, అందులోంచి తన ముక్కుని చూడమంది. రెండు కళ్ళూ తెరిచే చూడమంది. చూశాను. ఆ కంతలో తన మొహం తప్ప ఇంకేమీ లేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కింద పెదవి పళ్ళతో నొక్కిపట్టింది, కళ్ళు నిండి ఉన్నాయి. తనకి అటునుంచి నా కన్ను ఒక్కటే కనిపిస్తుందట.

"ఎడమ" అంది తను.

తర్వాత విడమరిచి చెబితే నాకు తెలిసింది. మనిషికి కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్టే కంటికీ వాటం ఉంటుందట. చేయి కుడి, కన్ను ఎడమ అయినవాళ్ళు కొందరుంటారు. అలాంటివాడు కుడి భుజాన తుపాకీ పెట్టి రెండు కళ్ళూ తెరిస్తే, పెత్తనం ఎడమ కన్ను చేస్తుంది, గురి ఎప్పుడూ ఎడమకి జరుగుతుంది. ఎడమకి పోయే బిళ్ళకి అది కలిసొస్తుంది, కుడికి పోయేదానికి ఎప్పుడూ వెనకపడుతుంది. ఎవరు కొత్తగా వచ్చినా తుపాకీ చేతికివ్వక ముందే ఈ కంత పరీక్ష చేస్తారు. ఆ నర్సుకి చేసింది. నాకు చెయ్యలేదు.

మందుల పెట్టెలోంచి తెల్ల ప్లాస్టరు ముక్క తెచ్చి కాల్చేటప్పుడు పెట్టుకునే నా కళ్ళజోడుకి ఎడమ అద్దం మీద అతికించింది తను. మిగిలిన బిళ్ళలు కాల్చమన్నాడు పెద్ద కోచ్. వదులు. కుడికి లేచింది, నల్లటి పొడి అయి రాలింది. వదులు, మళ్ళీ కుడి, మళ్ళీ పొడి. నేర్పిన తిప్పుడంతా అప్పటికే ఒంట్లో ఉంది మరి, కంటికి దారి దొరకగానే పని చేసింది. ఒకటి రెండు తప్పితే అన్నీ పగిలాయి. లెక్క సగం దాటిపోయింది. నేను తుపాకీ విరిచి, చెవుల మీది మఫ్‌లు తీసి, గెలిచామని చేతులెత్తాను.

పెద్ద కోచ్ చేతులెత్తలేదు. ఆయన మా అమ్మాయితో మెల్లగా, కోపం లేకుండా చెప్పాడు. మీ నాన్నగారు నెగ్గారు, నువ్వు నెగ్గలేదమ్మా, నేను చూసేది బిళ్ళల లెక్క ఒక్కటే కాదు అన్నాడు. కొత్తమనిషైతే మొదటి రోజే కన్ను చూసేదానివి, రేపు నీ దగ్గరికి నీకు తెలిసినవాళ్ళూ వస్తారు అన్నాడు. వచ్చే సీజన్‌కి మళ్ళీ రమ్మన్నాడు.

నేను ఊరుకుంటానా. కళ్ళెదుటే తప్పు ఒప్పుకుని, కళ్ళెదుటే దిద్దుకున్న పిల్లని ఫెయిల్ చెయ్యడం ఏ న్యాయమని పట్టుకున్నాను. అబద్ధం చెప్పుంటే ప్యాస్ చేసేవారా అని కూడా అడిగేశాను. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని వ్యాను దాకా నడిపించింది.

దారిలో నేనే మాట్లాడాను. ఆయన్ని తిట్టాను, నియమాల్ని తిట్టాను, నా ఎడమ కన్నుని తిట్టాను. తను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు, మాట మాటే నాన్నా, సోమవారం షోరూంకి వెళతాను అంది. ఎవరి మీదా కోపం లేని గొంతు. కౌంటరు వెనక కూర్చుని టైల్ రంగుల గురించి చెబుతున్న నా కూతురు కళ్ళముందు మెదిలింది. ఆ కుర్చీ తనకి ఇష్టమా అని నేనెప్పుడూ అడగలేదు. తెలియనిదేముంది అనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట ముందు అనుకున్నది తను కాదు.

"నీకేం చెయ్యాలనుందమ్మా?" అన్నాను.

"బండి ఆపు. నడుపుతూ అడిగితే నువ్వు జవాబు వినవు" అంది తను.

రోడ్డు పక్కన మూసి ఉన్న టైర్ల దుకాణం ముందు ఆపాను. ఇంజను కట్టేశాను. కాలు ఊగుతూ ఉంటే చేత్తో అదిమిపట్టాను. నాకు నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి, మింగాను.

"నాకు నేర్పాలని లేదు నాన్నా. కాల్చాలనుంది" అంది. "జీతం కావాలన్నావని కోచ్ పనికి వెళ్ళాను. నీకు నేర్పుతున్నన్ని రోజులూ నీ చేతిలోంచి తుపాకీ లాక్కోవాలనిపించేది."

అది కాదమ్మా అనబోయాను. అనలేదు.

"ఇంకా చెప్పు" అన్నాను.