రెండో పొయ్యి

సమ్మవ్వ ఖోలీలో రెండో పొయ్యి వెలిగిన నాడు, అత్తాకోడళ్లకు చెడిందనే ఆ వరస గదుల చాళీ అంతా అనుకుంది. ఒక గది, ఒక నల్లా, ఒక కిటికీ ఉన్న ఇంట్లో వేరు కుంపటి పెట్టారంటే ఎవరైనా అదే అనుకుంటారు. నిజంగా చెడినా బాగుండేదని సమ్మవ్వకు తర్వాత చాలాసార్లు అనిపించింది. చెడితే నాలుగు మాటలు అనుకుంటారు, నాలుగు రోజులు ముఖాలు తిప్పుకుంటారు, ఆదివారమో అమావాస్యో చూసుకుని మళ్లీ కలిసిపోతారు. కోడలు కళ ఆ పొయ్యి పెట్టింది అత్త మీద కోపంతో కాదు, బిడ్డ గురించిన భయంతో. అందుకే సమ్మవ్వకు ఏం చెయ్యాలో తోచలేదు.

సమ్మవ్వది భిస్సీ. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి భివండీ వచ్చి సాంచాల మీద బట్ట నేసే మగవాళ్లు, నెలకింతని ఇచ్చి రెండు పూటలా తినిపోయే ఇల్లు. నాగావ్‌లో సాంచాల చప్పుడు వినబడే ప్రతి గల్లీలో అట్లాంటిది ఒకటి ఉంటుంది. మొగుడు పోయిన ఏడాది కొడుకు కిషన్‌ను చంకనేసుకుని ఆమె ఈ పని మొదలుపెట్టింది. ఇప్పుడా కిషన్ తండ్రి నిలబడ్డ కార్ఖానాలోనే సాంచాల ముందు నిలబడుతున్నాడు, సమ్మవ్వ మాత్రం ఇంకా పొయ్యి ముందే ఉంది. నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. పొద్దున బియ్యం కడగడానికి వంగితే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది.

భిస్సీకి ఎవరూ చెప్పని షరతు ఒకటుంది. వండినవాళ్లు అదే కుండలోది తినాలి, తింటున్నట్టు గిరాకీలకు కనబడాలి. కొత్త మనిషి చేరిన రోజు సమ్మవ్వ అతని ఎదురుగా ప్లేటు పెట్టుకుని మొదటి ముద్ద తానే తినేది. ఊరు కాని ఊళ్లో ఎవరి చేతి వంటో తెలియక బెదిరే మనిషికి అంతకంటే ఏం చెప్పినా ఎక్కదు. మనవరాలు పూనం కూర్చోవడం నేర్చినప్పటి నుంచి ఆ పని దానిదైంది. చిన్న స్టీలు ప్లేటు పట్టుకుని మగవాళ్ల వరుసలో దూరేది. ఒకరి దగ్గర పప్పు, ఇంకొకరి దగ్గర కూర. భీమ్‌రావు పక్కన మాత్రం దాని జాగా ఖాయం. భీమ్‌రావు అందరికంటే పాత గిరాకీ, వయసులోనూ పెద్దవాడు. మెత్తగా ఒక ముద్ద పిసికి ముందు దాని నోట్లో పెట్టి, ఆ తర్వాతే తాను తినేవాడు. ఊళ్లో ఉన్న సొంత మనవరాలిని ఏడాదికోసారి చూసుకునే మనిషి మరి.

ఆ పూనం ఇప్పుడు వరుసలోకి రావడం లేదు.

కళకు మొదటి కాన్పు నిలవలేదు. ఆరో నెలలో పోయింది. పూనం పుట్టినప్పుడు దోసెడంత ఉంది. రెండేళ్లు నిండినా చేతులు పుల్లల్లాగే ఉన్నాయి, మోచేతుల మడతల్లో ఎర్రటి దద్దుర్లు. ఎందుకిట్లా అని కళ తనను తాను అడుక్కోని రోజు లేదు. అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగులో ఉండే సోనాలి చీరలకు ఫాల్ కుట్టడానికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. సోనాలి ఒక శేఠ్ గారి కోడలు, వీళ్ల జిల్లా పిల్లే, మనసు మంచిది. తన పిల్లలకు ఆర్గానిక్ తప్ప పెట్టనని, విత్తనం లోపలే పురుగును చంపే గుణం పెట్టి పండిస్తున్నారని, అది తిన్న పిల్లలకు ఏమవుతుందో ఎవరికి తెలుసునని చెప్పింది. ఫోన్‌లో వీడియోలు పంపింది. కళ ఇంటికొచ్చి సమ్మవ్వ నూనె డబ్బా తిప్పి చూసింది. పత్తి గింజల నూనె, సోనాలి చెప్పిన విత్తనాలదే. ఇక చూసుకోండి, కళ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సమ్మవ్వ మొదట నవ్వింది. ఊరికి పోయినప్పుడల్లా కూలికి ఏరింది బీటీ పత్తి, ఇక్కడ కొడుకు నేసేది పత్తి నూలు, చివరికి కూరలో మరిగేది కూడా పత్తే, ఇంక మిగిలిందేముందని నవ్వింది. ఆ చేన్ల గట్ల మీదే సద్ది తిని, ఆ నీళ్లే తాగి ఇన్నేళ్లు బతికాను కదా అంది. నీ కాలం వేరు అత్తమ్మా అంది కళ. కిషన్ తల్లి మాటకూ సరే అన్నాడు, పెళ్లాం మాటకూ సరే అన్నాడు. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చిన మనిషికి సరే అనడం తప్ప వేరే ఓపిక ఎక్కడిది?

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది వేరు. మన దగ్గర బియ్యం, పప్పులు అట్లాంటివి కావని, పత్తి ఒక్కటే అట్లా పండుతుందని, శుద్ధి చేసిన ఆ నూనెతో హాని ఉన్నట్టు ఎక్కడా తేలలేదని, మందులు కొట్టిన కూరగాయలు మాత్రం బాగా కడగమని చెప్పింది. ఏది పెట్టినా సరే కానీ కడుపు నిండా పెట్టు, ఈ పిల్ల బరువు చాలడం లేదు అని కూడా చెప్పింది. కళ అన్నిటికీ తలూపింది. తేలలేదంటే లేదని కాదు కదా అని దారంతా అత్తతో అంటూనే వచ్చింది.

అట్లా కిటికీ కింద రెండో పొయ్యి వచ్చింది. చిన్న గిన్నె, చిన్న గంటె, సోనాలి చెప్పిన దుకాణం నుంచి తెచ్చిన బియ్యం, గానుగ నూనె. అవి అందరూ కొనే ధరకు రావు. అందుకే కళ బియ్యం పిడికిలితో కొలిచేది, నూనె చెంచాతో పోసేది. గుడ్డు మామూలు దుకాణంలోది వద్దని మానేసింది, నాటు గుడ్డు దొరికిన రోజే గుడ్డు. బిడ్డ గిన్నె నాకి ఇంకా కావాలన్నట్టు చూస్తే నీళ్లు పట్టేది. మంచిది పెడుతున్నాననే ధ్యాసలో తక్కువ పెడుతున్న సంగతి ఆమెకు కనబడలేదు. సమ్మవ్వకు కనబడింది. అంటే అత్త సాధింపు, అనకపోతే బిడ్డ ఆకలి. మింగలేక కక్కలేక ఉండిపోయింది.

గిరాకీలకు కళ్లున్నాయి. వండే ఇంట్లో పిల్లకు ఒక పొయ్యి, తమకు ఒక పొయ్యి. తమ పొయ్యి మీది దాంట్లో ఏముందో, ఎందుకు ఆ ఇంటి పిల్ల తినకూడదో అని ఒకడు ఇంకొకడిని అడిగాడు. కండెలు చుట్టే చోట పుట్టిన మాట సాంచాల దగ్గరికి వచ్చేసరికి చిలవలు పలవలు వేసింది. బియ్యంలో ప్లాస్టిక్ కలుస్తోందన్నారు, నూనె మిషన్లకు పోసేదన్నారు. గిరాకీల్లో రాములు మానేశాడు, పర్శరాములు మానేశాడు, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు. టెంఘర్‌లో యమునాబాయి భిస్సీలో తింటున్నారట. ఎందుకని అడిగితే కార్ఖానాకు దగ్గరని చెప్పారు. వాళ్ల కార్ఖానా సమ్మవ్వ గల్లీ చివరే ఉంది.

ఆఖరికి భీమ్‌రావు కూడా, తల దించుకుని, ఒకటో తారీఖు నుంచి తానూ అటే తింటానని చెప్పాడు. ఆ మధ్యాహ్నం సమ్మవ్వ అంట్లు కడగకుండా కూర్చుండిపోయింది. మిగిలినవాళ్లు భీమ్‌రావు ముఖం చూసి ఉన్నవాళ్లు. అతను కదిలితే భిస్సీ మూసుకోవడమే. కిషన్ కార్ఖానాలో పని వారంలో సగం రోజులే నడుస్తోంది, భిస్సీ పోతే ఖోలీ కూడా పోతుంది. దానికంటే ఎక్కువగా ఆమెకు ఇంకొకటి నొప్పి పెట్టింది. ఇన్నేళ్లలో తన చేతి తిండిని అనుమానించిన మనిషి లేడు.

కళకు చెప్పింది. అందరికీ తన బియ్యం, నూనెతోనే వండుదామంది కళ. అంత ధర పెట్టి ఎవరు తింటారని సమ్మవ్వ అడిగింది.

"మరి తెలిసి తెలిసి బిడ్డకు ఎట్ల పెట్టమంటవ్ అత్తమ్మా?" అంది కళ.

"నేను పెట్టేది విషమా?"

"నేను గట్లన్ననా?"

"నువ్వు అనలే. నీ పొయ్యి అన్నది."

కళ బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయింది. సమ్మవ్వ అంట్ల ముందు కూర్చుంది. అంతకుమించి పోట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు.

మరుసటి శుక్రవారం, ఆ నెలకు ఆఖరి శుక్రవారం. సాంచాలు నడవని సుట్టీ రోజు. భిస్సీలో ప్రతి శుక్రవారం కోడికూర చెయ్యడం సమ్మవ్వ పెట్టిన ఆనవాయితీ. మనుషులు తగ్గినా మానలేదు. ఉన్నవాళ్లంతా స్నానాలు చేసి, ఉతికిన అంగీలు వేసుకుని చాప మీద కూర్చున్నారు. కిషన్ కూడా వాళ్లలోనే. సమ్మవ్వ వడ్డిస్తోంది. కళ కిటికీ కింద చిన్న గిన్నెలో అన్నం కలుపుతోంది.

పూనం ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. తిన్నగా భీమ్‌రావు దగ్గరికి వెళ్లి, తన పాత జాగాలో చతికిలబడి, అతని ప్లేటులో చెయ్యి పెట్టింది.

భీమ్‌రావు ప్లేటును రెండు చేతులా పైకెత్తేశాడు.

"నీకొద్దు బిడ్డా," అన్నాడు మెల్లగా. "గిది మా అసొంటోళ్లు తినే తిండి. మీ అమ్మ నీకు మంచిది వండింది, పో."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే సమ్మవ్వ ఓర్చుకునేదేమో. నిప్పు దగ్గరికి పోయే పిల్లను ఆపినట్టే ఆపాడు మనిషి, నిజంగా ఆ పిల్ల మేలు కోరి. తాను రోజూ తినేది పిల్లలకు పనికిరానిదని నమ్మి, అయినా తినడానికే కూర్చున్నాడు. సిగ్గుతో సమ్మవ్వకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. పూనం పైకెత్తిన ప్లేటు వంక చూసి, నోరు తెరిచి ఏడుపు అందుకుంది. వరుసలో నమలడం ఆగిపోయింది.

కళ లేచి వచ్చింది. మగవాళ్ల వరుసలో ఆడవాళ్లు కూర్చోరు. ఆమె వచ్చి భీమ్‌రావు పక్కన కూర్చుని, బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"అత్తమ్మా, నాకో ప్లేటు పెట్టు."

సమ్మవ్వ పెట్టింది. పెద్ద కుండలోని అన్నం, పెద్ద గిన్నెలోని కూర. కళ రోజూ తినేది అదే, కాకపోతే అందరూ పోయాక, పొయ్యి చాటున. ఇప్పుడు అందరి ముందూ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద మెత్తగా చేసి బిడ్డ నోటి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పూనం ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏం కాదు గద, అత్తమ్మా?" అని అడిగింది కళ.

ఏం కాదని ఒక్క మాట అంటే చాలు. కోడలి చెయ్యి కదులుతుంది, భీమ్‌రావు నిలబడతాడు, భిస్సీ నిలబడుతుంది. మాట సమ్మవ్వ నాలుక మీదికి వచ్చింది కూడా. ఆరో నెలలో బట్టలో చుట్టి తెచ్చిన ఆ బిడ్డ గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఏం కాదు, ఏం కాదు అని కళకు చెప్పింది తనే.

"ఏమో బిడ్డా," అంది. "నాకు తెల్వది. నూనెల ఏమున్నదో, పప్పుకు ఏ మందు కొట్టిండ్రో నాకేమెరుక. డాక్టరమ్మ ఏం కాదన్నది. నాకు తెలిసింది ఒక్కటే. గీ కుండల నేను తింటున్న, నీ పెనిమిటి తింటుండు, వీళ్లంత తింటుండ్రు. నీ పిల్ల ఆకలితోని ఉన్నది."

కిషన్ ప్లేటు వంక చూస్తూ ఉండిపోయాడు. సమ్మవ్వ గోడకానుకుంది. చేజేతులా భిస్సీని ముంచుకున్నానని అనుకుంది.

భీమ్‌రావు ఇంకా ప్లేటు పైకే పట్టుకుని ఉన్నాడు. మెల్లగా దించి, పూనం ముందు పెట్టాడు. పూనం కళ చేతి ముద్ద కోసం చూడలేదు. రెండు చేతులా భీమ్‌రావు ప్లేటులోంచి తీసుకుని గబగబా తినసాగింది. అంత ఆకలి ఉందని కళ అప్పుడే చూసింది. ముద్ద పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

కాసేపటికి లేచి కిటికీ కింది గిన్నె తెచ్చింది. అందులో ఉన్నది గుప్పెడన్నం. ఆ అన్నమంతా సమ్మవ్వ తెచ్చిన ఇంకో ప్లేటులో భీమ్‌రావుకు పెట్టేసింది.

"తిను మామా. మంచిది."

భీమ్‌రావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. వరుసంతా అతని ముఖమే చూస్తోంది. ఇంకో ముద్ద తిన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"మంచిగున్నదో లేదో నాకెట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడు. "ఎన్నడన్న తింటెనే గద ఎరికయ్యేది."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కళ తల వంచుకుంది. పూనం నోరు తుడుచుకోకుండానే ఇంకో ముక్క కోసం కూర గిన్నె వైపు చెయ్యి చాచింది. సమ్మవ్వ గోడ వదిలి, గంటె పట్టుకుని మళ్లీ వంగింది.

"కోడికూర జర కారమైంది సమ్మక్కా," అన్నాడు భీమ్‌రావు ఆమె వైపు చూడకుండా. "వచ్చే శుక్రారం పిల్లకు కారం తక్కువేసి పక్కకు తియ్యి."

వచ్చే శుక్రవారం ఒకటో తారీఖు దాటి, కొత్త నెలలో పడుతుంది. సమ్మవ్వ అతని ప్లేటులో ఇంకో గంటె కూర వేసి, పక్కవాడి ముందుకు జరిగింది.