మొదటి స్లిప్‌లో భావూ

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా ముంబై మైదానంలో ఇరవై మ్యాచ్‌లు మొదలవుతాయి. ఒకరి బౌండరీ ఇంకొకరి పిచ్ మీద పడుతుంది. మన మిడాఫ్, పక్కవాళ్ళ వికెట్ కీపర్ వీపూ వీపూ ఆనించుకుని నిలబడతారు. అందుకని ఎక్కడైనా ఒక మనిషి ఎక్కువున్నా ఎవరూ లెక్కపెట్టరు.

భావూ నేరూర్కర్ పోయి పన్నెండేళ్ళయింది. అయినా వానాకాలం లీగ్ మొదలవగానే తెల్ల ప్యాంటు మడత నలగకుండా వచ్చేస్తాడు. ఎవరి బంతి నిజంగా తిరుగుతుందో వాళ్ళకు మొదటి స్లిప్‌లో నిలబడతాడు, మిగతావాళ్ళ వైపు కన్నెత్తయినా చూడడు. మూడేళ్ళుగా అవధూత్ అనే ఎడమచేతి స్పిన్నర్‌ను పట్టుకుని వదలడం లేదు.

గౌరవమే. చిక్కూ అదే. అవధూత్ బంతి బ్యాట్ అంచుకు తగిలిందంటే భావూ చేతిలో పడ్డట్టే. భావూ పేరు పదకొండుమంది జాబితాలో లేదు కనుక అంపైర్ నాటౌట్ అంటాడు, స్కోరర్ గొన్సాల్విస్ పెన్సిల్ కదలదు. ఆ ఏడాది అలా పోయిన వికెట్లు ఇరవై మూడు. పుస్తకంలోకి ఎక్కినవి తొమ్మిది. పది వికెట్లయినా లేనివాడి పేరు సెలక్టర్లు చర్చకే తీసుకోరు.

“భావూ పేరు కూడా జాబితాలో రాసేద్దాం కాకా,” అన్నాడొకసారి కెప్టెన్ సుహాస్.

“రాద్దువుగానీ, ఆటగాడి కార్డుకి ఈ ఏడాది తీయించుకున్న ఫోటో తెస్తాడా మీ భావూ?” అన్నాడు గొన్సాల్విస్.

ఈసారి కూడా ముంబై జట్టులో పేరు రాకపోతే ఆట మానేసి రైల్వే వర్క్‌షాపులో చేరతానని అవధూత్ తండ్రికి మాటిచ్చాడు. చివరి మ్యాచ్ సాయంత్రం దాకా వచ్చింది. ఆ రోజు భావూ అప్పటికే నాలుగు పట్టాడు. అవతలివాళ్ళది చివరి జోడీ. ఒక్క వికెట్టే మిగిలింది, అవధూత్‌కి కావలసిందీ ఒక్కటే.

అతను టోపీ అంపైర్ చేతికిచ్చి స్లిప్ దాకా నడిచాడు.

“భావూ, ఒక్కటి వదిలెయ్.”

“నన్ను ఇంతమాట అన్నవాడు లేడురా,” అన్నాడు భావూ. “బతికున్నప్పుడు ముప్పై ఏళ్ళు, పోయాక పన్నెండు. ఒక్కటీ జారలేదు.”

“తెలుసు భావూ.”

“నేనుండటం బరువైతే తిన్నగా వెయ్. నా దారిన నేను పోతాను.”

“తిన్నగా వెయ్యడం నాకు చేతకాదు.”

“అదేరా నీ రోగం,” అన్నాడు భావూ, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. ఆ మాటలో కోపం లేదు.

ఎందుకైనా మంచిదని సుహాస్ ఆయన వెనకే రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

బంతి లెగ్ స్టంప్ మీద పడి ఆఫ్ స్టంప్ వైపు తిరిగింది. బ్యాట్ అంచు తగిలి భావూ భుజం ఎత్తున వచ్చింది. పిల్లాడైనా పట్టే క్యాచ్. భావూ చేతులు లేచాయి, దగ్గరయ్యాయి, విడిపోయాయి. బంతి ఆయన చెవి పక్కనుంచి వెళ్ళి సుహాస్ చేతుల్లో పడింది.

అందరూ సుహాస్ మీదికి ఉరికారు. “ముసలాయన వదిలేశాడ్రోయ్,” అని పక్క మ్యాచ్ వాడెవడో నవ్వాడు. భావూ తన అరచేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఆ పక్క మ్యాచ్ మధ్యలోంచే నడిచి వెళ్ళిపోయాడు.

గొన్సాల్విస్ పదో వికెట్ రాశాడు. పదిహేను రోజులకు అవధూత్ పేరు జట్టులో వచ్చింది. వాళ్ళ నాన్న వీధంతా పేడా మిఠాయిలు పంచాడు. అవధూత్‌కి మాత్రం సంతోషం కంటే సిగ్గే ఎక్కువైంది. తర్వాతి ఏడాది వానాకాలమంతా ప్రతి ఆదివారం మైదానానికి వెళ్ళి వెతికాడు. భావూ రాలేదు.

ఇప్పుడు అతనికి వికెట్లకు లోటు లేదు. పెద్ద స్టేడియంలో కచ్చితంగా పదకొండుమందే ఉంటారు. అయినా ఓవర్ మొదలుపెట్టే ముందు మొదటి స్లిప్‌లో ఉన్నవాణ్ణి కాస్త పక్కకు జరగమంటాడు. ఒక మనిషికి సరిపడేంత.