కప్పు కింది డిస్కు

కాపురానికొచ్చిన కొత్త. ఆ ఇంట్లో ఆమెకు అన్నీ ముద్దుగానే కనిపించేవి. మొగుడు సాక్సులు తిరగేసి విడవడం ముద్దు. మూలన ఇరుక్కుని ఒక తలుపు సగమే తెరుచుకునే బీరువా కూడా ముద్దే. "కిటికీ పక్కకి జరుపుదామా మామయ్యా?" అని అడిగితే మామగారు, "వద్దులే తల్లీ, ఉండనీ" అనేవారు. అన్నిటికంటే ముద్దు ఆయన డిస్క్ ప్లేయర్. పొద్దున్నే మెత్తని గుడ్డతో దాని ఒళ్ళు తుడిచేవారు. నెత్తిన ఒక మొట్టికాయ వేస్తే గానీ అది ట్రే తెరవదు.

"ఫోన్లో వేసిస్తాను నాన్నా, చిటికెలో పని" అన్నాడు ఆమె భర్త.

"ఫోన్లో మనుషులు చీమల్లా ఉంటారురా. నా కుర్చీలో నేను కూర్చోవాలి, రిమోట్ నా చేతిలో ఉండాలి."

ఆయన చూడాలనుకున్నది ఒకే ఒక్క పాత వీడియో క్యాసెట్. అత్తగారికి కెమెరా పిచ్చి. ఇల్లంతా తీసింది, ఇంట్లోవాళ్ళందరినీ తీసింది, తను మాత్రం ఎక్కడా పడలేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. కోడలికి ఆవిడ గోడమీది ఫోటోగానే తెలుసు.

భర్త ఎవరి దగ్గరో పాత వీసీఆర్ అరువు తెచ్చి, కంప్యూటర్‌కి కలిపి, క్యాసెట్ మొత్తం ఎక్కించాడు. సరిగ్గా చివర్లో టేపు పుటుక్కున తెగి, లోపలే ఉండ చుట్టుకుపోయింది.

"పోతే పోనీ, సరుకు మన చేతికొచ్చేసింది" అని కాలరెగరేశాడు.

అక్కణ్ణుంచి మొదలైంది డిస్కుల భాగోతం. మొదటిదాని మీద పెన్నుతో 'నాన్న కోసం' అని రాసి, వీడియోని ఫైలుగా ఉన్నదున్నట్టు అందులోకి ఎక్కించాడు. కంప్యూటర్లో భేషుగ్గా ఆడింది. ప్లేయర్ మాత్రం కాసేపు గరగరమని, డిస్కుని ఉమ్మేసింది. సినిమా డిస్కుల పద్ధతిలో చేస్తే గానీ దానికి ఎక్కదని అప్పుడు తెలిసింది. రెండోదానికి 'ఈసారి పక్కా' అని పేరు పెట్టాడు గానీ, తొందరకొద్దీ ఎక్కువ వేగంతో బర్న్ చేశాడు. బొమ్మలో మనుషుల మొహాలు గడులు గడులుగా విడిపోయాయి. మూడోది 'ఒట్టు, ఇదే ఆఖరు.' ఈ సినిమా పద్ధతి చోటెక్కువ తింటుంది, అంతా ఒక్క డిస్కులో పట్టించాలంటే బొమ్మ మసకబారుతోంది. రెండు డిస్కులైతే నాన్న లేచి మార్చుకోవాలి. అందుకని పనికిరాని ముక్కొకటి కత్తిరించి, ఈసారి నెమ్మదిగా బర్నింగ్‌కి పెట్టాడు. ఆమె పక్కనే చేరి, అతని భుజానికి గడ్డం ఆనించి, పాకుతున్న అంకెలు చూస్తూ కూర్చుంది.

"ఇంత నత్తనడకా? నాకు వంట రావడానికి కూడా ఇంతసేపు పట్టలేదు."

"వచ్చిందని ఎవరన్నారు?"

తొడపాశం పెట్టించుకున్నాడు. హాయిగా నవ్వుకున్నారు.

చెడిపోయిన డిస్కులు పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అంత తళతళలాడేవాటిని ఎలా పారేస్తాం? ఒకటి బాల్కనీలో పావురాల్ని బెదరగొట్టడానికి దారం కట్టింది. ఇంకోటి మామగారి కాఫీ కప్పు కింద పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ప్లేయర్ నెత్తిన మొట్టారు. ఈసారి ఆడింది! చిన్నప్పటి భర్త నిక్కర్లో గెంతుతుంటే కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. మామగారు నవ్వారు గానీ, దేనికోసమో చూస్తున్నట్టు ముందుకి వంగే ఉన్నారు. తెర నల్లబడింది.

"అయిపోయిందా? కర్టెన్ ఏదిరా?"

"అదా! అమ్మ కెమెరా ఆపడం మర్చిపోయి బల్లమీద పెట్టేసింది నాన్నా. ఎంతసేపు చూసినా ఆ కర్టెనే. వేస్టని తీసేశా."

"మీ అమ్మ నన్ను తిట్టేది అందులోనేరా" అన్నారాయన మెల్లిగా. అంతలోనే, "పర్లేదులే, బాగా చేశావు" అని కాఫీ కప్పు అందుకున్నారు.

ఆ 'పర్లేదులే' వినగానే భర్త కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాడు. ఆమె వెనకాలే వెళ్ళింది.

"కంప్యూటర్లో చోటు చాలట్లేదని అసలుది తుడిచేశానే. టేపు చూస్తే తెగిపోయింది. ఇంకెక్కడుంది?"

"మొదటి డిస్కులో అంతా ఉందిగా! ఉన్నదున్నట్టు పెట్టానన్నారు!"

బాల్కనీలోకి ఉరికింది. దారానికి వేలాడుతున్నది 'ఈసారి పక్కా.' అయితే ఆ మొదటిది... మామగారి కుర్చీ దగ్గరికి పరిగెత్తింది.

"మామయ్యా, కప్పెత్తండి!"

"కాఫీ కూడా తాగనివ్వవా తల్లీ?"

కప్పు కింద 'నాన్న కోసం.' మెరిసే వైపు పైకి పెట్టింది తనే. దానిమీద గోధుమరంగు వలయం, గీతలు. కుళాయి కింద కడిగి, మామగారి మెత్తగుడ్డతోనే మధ్యనుంచి అంచుకి తుడిచింది. కంప్యూటర్ దాన్ని మింగి మూలిగింది. ఆగింది. మళ్ళీ మూలిగింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఒకచోట ఇరుక్కుని, గింజుకుని, ఎలాగో చివరిదాకా చదివింది.

ఈసారి కత్తిరింపుల్లేవు. రెండు డిస్కులు. రెండోది పెట్టడానికి కొడుకు లేవబోతే మామగారు చెయ్యి అడ్డం పెట్టి, తనే లేచి ప్లేయర్ నెత్తిన మొట్టికాయ వేశారు.

తెరమీద నీలం కర్టెన్. దాని వెనకనుంచి ఓ గొంతు. "బీరువా కిటికీకి అడ్డంగా పెట్టొద్దన్నానా లేదా? చెవులున్నాయా, అద్దెకిచ్చారా? గాలాడొద్దూ! ఆ మూలకి నెట్టండి."

"నెట్టాగా" అన్నారు మామగారు తెరతో. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది.

కోడలు బీరువా వైపు చూసింది. అంతలో తెరమీద కర్టెన్ పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. సన్నని వేళ్ళు. సర్రున కర్టెన్ లాగింది. గదంతా వెలుగు.

"ఏవండీ... అత్తయ్య!" అంది గుసగుసగా, అంతకంటే గట్టిగా అంటే ఆ చెయ్యి వెనక్కి పోతుందేమో అన్నట్టు.

మామగారు ఎన్నడూ ఎవరికీ ఇవ్వని రిమోట్ ఆమె చేతిలో పెట్టారు.

"వెనక్కి తిప్పు తల్లీ. ఇంకోసారి చూద్దువుగాని."