మొదటి గుక్క

పొద్దున్నే కాఫీ కలపడం నా పని. అక్కకి పాప పుట్టాక సాయానికని నన్ను ఊరి నుంచి దేశం దాటించి ఈ పాసిర్ రిస్ ఫ్లాటుకి తీసుకొచ్చారు. వచ్చిన కొత్తలో, పంచదార సరిపోయిందో లేదోనని బావ గ్లాసులోంచి ఒక గుక్క తాగాను. ఆయన చూసి గ్లాసెడు కాఫీ సింకులో ఒంపేశాడు. "ఎంగిలి చేసి తెస్తావా? మీ ఇంట్లో ఇదేనా నేర్పింది?" అన్నాడు. అక్క తల వంచుకుంది. అక్క రోజూ ఆయన తిన్న కంచంలోనే అన్నం పెట్టుకుంటుంది. దాన్ని ఎవరూ ఎంగిలి అనరు.

ఈ ఆదివారం కమీలా వచ్చింది. చాంగీ ఆఫీసులో బావ టీములో పనిచేస్తుంది, అర్జెంటీనా మనిషి. కొత్త ప్రాజెక్టులు వచ్చిపడుతుంటే ఆ ఆఫీసులో ఎక్కడెక్కడి వాళ్ళో చేరుతున్నారట. హాల్లో చాప మీద అందరం కూర్చున్నాం. ఆమె సంచిలోంచి గుప్పెట్లో పట్టేంత సొరకాయ బుర్ర తీసింది. గోరింటాకు పొడిలాంటి ఆకు నింపి, వెండి గొట్టం గుచ్చి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసింది. దాని పేరు మాతే అట. ఎవరికీ ఇవ్వకుండా తనే తాగేసింది.

"అదేంటండీ, ముందు తనే తాగేసింది?" అక్క మెల్లగా అడిగింది.

"వాళ్ళ రూల్ అంతే. ఫస్ట్‌ది బాగా చేదు, పోసినవాళ్ళే తాగాలి. తర్వాత అందరికీ అదే స్ట్రా. తుడిచామంటే ఇన్‌సల్ట్. ఆఫీసులో మాకు రోజూ ఇదే," అన్నాడు బావ.

కమీలా మళ్ళీ నీళ్ళు పోసి ఇస్తే, ఆమె పెదవి తడి ఆరని గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఆఖరి చుక్కదాకా పీల్చాడు. ఆమె మూడోసారి నింపి నా వైపు చాచింది. "నో, నో, షి వోంట్ డ్రింక్," అన్నాడు బావ. "సుభద్రా, నువ్వెళ్ళి కాఫీ పట్రా."

వంటింట్లో పాలు పొంగేదాకా నాకు కుళ్ళు పొంగుతూనే ఉంది. ఆమె తెల్లటి రంగు చూసి కాదు, ఇంగ్లీషు చూసీ కాదు. ఆమె కూర్చుని పోసింది. పోసిన మనిషే ముందు తాగింది. నేనూ రోజూ పోస్తాను, నిలబడి. అందరివీ అయ్యాక, గిన్నె అడుగున చల్లారింది తాగుతాను. చేదైనా సరే, ఆ మొదటి గుక్క నాకు కావాలనిపించింది. ఒక్క పూటైనా ఆమెలా కావాలనిపించింది.

కాఫీ తెచ్చి చాప మీద కమీలా పక్కనే కూర్చున్నాను. బావ గ్లాసు ఎత్తి, అందరూ చూస్తుండగా ఒక గుక్క తాగాను.

"పంచదార సరిపోయింది బావా," అని ఆయన ముందుకు చాచాను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆయన కమీలా వైపు చూశాడు. ఆమె నవ్వుతూ చూస్తోంది. ఆయన చెయ్యి లేవలేదు.

అక్క పాపని ఒళ్ళో సర్దుకుని, ఆ గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. అంచు తుడవకుండానే ఆయనకి అందించింది.

"ఇప్పుడు మీ వంతండీ."